మోజు తగ్గినచోట కొనండి

ఇంటిల్లిపాదీ తిరగడానికి కారు కొనేవాళ్లు లెక్క చూసుకుని కొంటారు. లీటరుకి ఎంత ఇస్తుంది, డిక్కీలో ఎన్ని సంచులు పడతాయి, నాన్నగారు మోకాళ్ల నొప్పితో ఎక్కగలరా అని పది రకాలుగా ఆలోచిస్తారు. ఆఫ్‌రోడ్ బండి అయిన థార్‌ని కొనేవాళ్లలో ఎక్కువమంది అలా కొనరు. వనజంగి కొండ దారిలో బురద చిమ్ముకుంటూ పైకెళుతున్న బండిని చూసిన రోజే మనసులో కొనేసుకుంటారు. డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది ఆ తరవాతి సంగతి.

ఏడాది తిరిగేసరికి పరిస్థితి మారుతుంది. మూడు తలుపుల బండి కాబట్టి వెనక సీట్లోకి ఎక్కాలంటే ముందు సీటు మడవాలి. అత్తగారు ఒకసారి ఎక్కి, రెండోసారి రానంటారు. కొండలకు వెళదామనుకున్న శని, ఆదివారాలు ఆఫీసు పనిలో, పెళ్లిళ్లలో గడిచిపోతాయి. ఈఎంఐ మాత్రం నెలనెలా ఠంచనుగా కట్ అవుతుంది. ఒకరోజు ఆ బండి అమ్మకానికి వస్తుంది. అదే వారం ఇంకో ఊళ్లో ఇంకో కుర్రాడికి అదే బండి మీద మోజు పుడుతుంది.

ఈ ఇద్దరి మధ్య నిలబడి చేసే వ్యాపారం గురించే ఈ అధ్యాయం. మోజు తగ్గినచోట కొని, మోజు ఉన్నచోట అమ్ముతాం. దీనికి పెట్టుబడి కన్నా, మెకానిక్ పరిజ్ఞానం కన్నా ముందు కావలసిన లక్షణం ఒకటుంది. కొని అమ్మే ఆ కొన్నాళ్లూ మీకు మాత్రం ఆ బండి మీద మోజు ఉండకూడదు. ఈ రంగంలోకి దిగేవాళ్లలో చాలామంది బండ్లంటే ప్రాణం పెట్టేవాళ్లే. ఆ ప్రేమ వల్లే వాళ్లకు బండి లోపలి సంగతులు తెలుస్తాయి. ఆ ప్రేమ వల్లే ఎర్ర రంగు, పెద్ద టైర్లు చూడగానే యాభై వేలు ఎక్కువిచ్చి కొనేస్తారు. తెలివిని ఉంచుకుని ఆరాటాన్ని పక్కన పెట్టడం సాధనతో వస్తుంది. అందుకు పనికొచ్చే అలవాట్లు చెబుతాను.

మొదటిది, బండ్లను మనసుతో కాకుండా వివరాలతో గుర్తుపట్టడం. థార్ అంటే ఒక బండి కాదు. 2010లో వచ్చిన మొదటి తరం వేరు, 2020 అక్టోబరులో అమ్మకానికి వచ్చిన రెండో తరం వేరు. మొదటి తరంలోనే పాత పద్ధతి డీఐ ఇంజిన్ బండి ఒకటి, 2.5 లీటర్ల సీఆర్‌డీఈ ఇంజిన్ బండి ఇంకొకటి. వెనక కమాన్ పట్టీల మీద నడిచే ఈ మొదటి తరం బండి నగరంలో ఒళ్లు నొప్పులు పుట్టిస్తుంది. మామిడి తోట ఉన్న రైతు దాన్నే అడిగి మరీ కొంటాడు. రెండో తరంలో 2 లీటర్ల పెట్రోలు, 2.2 లీటర్ల డీజిల్ ఇంజిన్లతో, నాలుగు చక్రాలకూ శక్తి అందే ఫోర్ బై ఫోర్ బండ్లు వచ్చాయి. 2023 జనవరిలో వెనక చక్రాలకే శక్తి అందే చౌక రకం దిగింది. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. వెనక ‘4x4’ అక్షరాలు ఎవరైనా అతికించుకోవచ్చు. గేరు రాడ్ పక్కన రెండో రాడ్ ఉందా, కింద ముందు ఇరుసుకి వెళ్లే షాఫ్ట్ ఉందా చూడాలి. ఈ ఒక్క తేడాకి లక్షల్లో ధర మారుతుంది కాబట్టి అమ్మేవాళ్ల మాట మీద ఆధారపడకండి.

జిప్సీకి వేరే గిరాకీ ఉంది. 1985లో మొదలైన ఆ బండిని మామూలు కొనుగోలుదారులకు అమ్మడం 2019లో ఆగిపోయింది. బరువు తక్కువ కాబట్టి బురదలో దిగబడదు, దిగబడినా నలుగురు మనుషులు తోస్తే బయటికొస్తుంది. కొత్తది దొరకదు కాబట్టి మంచి జిప్సీ ధర అంత సులువుగా పడదు. మంచి జిప్సీ అంటే తుప్పు పట్టని జిప్సీ, కాగితాలున్న జిప్సీ. సైన్యం, ప్రభుత్వ శాఖలు తీసేసిన జీపులు ఎంఎస్‌టీసీ అనే ప్రభుత్వ సంస్థ నడిపే ఈ-వేలాల్లో వస్తుంటాయి. పాట పాడేముందు ఆ బండిని మామూలు నంబరు మీద రిజిస్టర్ చేయించుకోవడానికి అవసరమైన కాగితాలన్నీ ఇస్తారా అన్నది వేలం షరతుల్లో అక్షరం అక్షరం చదవాలి. తుక్కు కింద అమ్మిన బండి తుక్కుగానే మిగులుతుంది. మొదటిసారి ఈ వ్యాపారం చేసేవాళ్లు వేలాల జోలికి వెళ్లకపోవడం మేలు.

జిమ్నీ నుంచి నేర్చుకోవలసిన పాఠం ఇంకొకటి. 2023 జూన్‌లో ఐదు తలుపులతో 12 లక్షల 74 వేల షోరూం ధర దగ్గర మొదలైంది. ఫోర్ బై ఫోర్ అన్ని రకాల్లోనూ ఉంది, కొండ దారిలో గట్టి బండి. అయినా అమ్మకాలు అనుకున్నంత లేక ఆ ఏడాది చివరికే కంపెనీ పెద్ద డిస్కౌంట్లు ఇచ్చింది. కొత్త బండి మీద రెండు లక్షలు తగ్గితే ఆరు నెలల పాత బండి ధర ఏమవుతుందో ఊహించండి. 2025 సెప్టెంబరులో జీఎస్టీ రేట్లు తగ్గినప్పుడు కూడా ఇదే జరిగింది. కొత్త థార్ ధరలు రాత్రికి రాత్రి లక్షకు పైగా తగ్గాయి. ఆ ముందు వారం పాత బండ్లు కొని పెట్టుకున్న వ్యాపారుల లాభం మొత్తం, కొందరికి అసలులో కొంత కూడా, ఆ ఒక్క రోజులో పోయింది. అందుకే పాత బండి బేరానికి వెళ్లే ప్రతిసారీ ముందు షోరూంకి ఫోన్ చేసి, ఆ రోజు కొత్త బండి చేతికి ఎంతకొస్తుందో కనుక్కోండి. ఆఫర్లు, ఎక్స్‌ఛేంజ్ బోనస్ తీసేశాక మిగిలిన ధర అడగండి. కొత్త బండి ధర నుంచి కిందికి లెక్క వేసుకోవాలి తప్ప, అమ్మేవాళ్లు చెప్పిన ధర నుంచి కాదు.

ఇక కాలం. మన తెలుగువాళ్లకు బండి కొనడానికి ఒక క్యాలెండర్ ఉంది. ఆషాఢంలో కొనరు. పుష్యమాసంలో కొనరు. మూఢం వస్తే ఆగుతారు. శ్రావణం రాగానే కదులుతారు, దసరాకి ఆయుధపూజలో ఇంటి ముందు కొత్త బండి నిలబెట్టాలనుకుంటారు. కొనేవాళ్లకు ముహూర్తం కావాలి కానీ, ఈఎంఐ భారమై అమ్ముకునేవాళ్లకు ముహూర్తం చూసే తీరిక ఉండదు. ఆషాఢంలో అమ్మకానికి పెట్టిన బండికి ఫోన్లు తక్కువ వస్తాయి. వచ్చిన ఆ కొద్దిమందిలో మీరుంటే ధర మీద మాట్లాడే అవకాశం దొరుకుతుంది. ఆషాఢంలో కొని, ఆ నెల రోజులూ పని చేయించి, శ్రావణంలో అమ్మకానికి పెట్టండి. అవతలి వాళ్ల నమ్మకాన్ని చిన్నచూపు చూడాల్సిన పనేమీ లేదు. అమ్మేటప్పుడు అదే నమ్మకాన్ని గౌరవించి, వాళ్లు అడిగిన మంచి రోజున తాళాలు చేతికివ్వండి.

ఇప్పుడు అసలు పని, బండి చూడడం. మామూలు కారుని పైనుంచి చూస్తారు. ఈ బండిని కింది నుంచి చూడాలి. పాత చాప, టార్చ్, అయస్కాంతం, చేతి తొడుగులు, ఒక ఓబీడీ స్కానర్ వెంట తీసుకెళ్లండి. వెళ్లేముందే ఫోన్లో ఒకమాట చెప్పాలి: “నేనొచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి.” వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఎందుకు వేడిచేశారో అడగండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యే తీరులో చాలా సంగతులు బయటపడతాయి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే కూలెంటో ఇంజెక్టరో ఇబ్బంది పెడుతోంది. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత విప్పితే పొగ గుప్పుగుప్పుమని తన్నుతోందంటే లోపల అరుగుదల ఎక్కువుంది.

చాప పరుచుకుని కిందికి దూరండి. బట్టలు మాస్తాయని వెనకాడేవాళ్లకు ఈ వ్యాపారం అచ్చిరాదు. ఛాసిస్ పట్టీల మీద కొత్తగా వెల్డింగ్ చేసిన గుర్తులు, వంపులు, పగుళ్లు వెతకండి. నాలుగేళ్ల బండి అడుగున తళతళలాడే నల్లరంగు కోటింగ్ కనిపిస్తే సంతోషించకుండా, దాని కింద ఏముందో గోరుతో గీకి చూడండి. సముద్రపు ఇసుకలో, ఉప్పు నీళ్ల అంచున తిప్పి, ఇంటికొచ్చాక అడుగు కడగని బండికి తుప్పు లోపలి నుంచి తింటుంది. కోస్తా ఊళ్ల బండి చూసేటప్పుడు బ్రేకు పైపులు, సైలెన్సర్ హ్యాంగర్లు, తలుపుల కింది అంచులు తడిమి చూడాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని చేత్తో పట్టుకుని తిప్పితే క్రాస్‌లలో లూజు ఉంటే టకటకమంటుంది.

డిఫరెన్షియల్ ఆయిల్ చూడకుండా ఏ ఫోర్ బై ఫోరూ కొనవద్దు. ఫిల్లర్ బోల్టు విప్పి, వేలు ముంచి చూస్తే చాలు. ఆయిల్ తేనె రంగులోనో నల్లగానో ఉంటే సరే. పాలు కలిపిన కాఫీ రంగులో ఉందంటే బండి లోతు నీళ్లలో దిగింది, నీళ్లు లోపలికి వెళ్లాయి, ఆ తరవాత ఎవరూ ఆయిల్ మార్చలేదు. లోపలి బేరింగులు, క్రౌన్ పళ్లు పాడైపోతుంటాయి. బయటికి చప్పుడు వచ్చేసరికి బండి మీ పేరు మీద ఉంటుంది. ముందు, వెనక డిఫరెన్షియల్స్‌తో పాటు ట్రాన్స్‌ఫర్ కేస్ కూడా చూడాలి. అమ్మేవాళ్లు బోల్టు విప్పనివ్వకపోతే నొచ్చుకోకుండా నమస్కారం పెట్టి వచ్చేయండి.

తరవాత మట్టి నేల మీదికి తీసుకెళ్లి ఫోర్ హై వేయండి, ఆపి ఫోర్ లో వేయండి, నెమ్మదిగా అటూ ఇటూ తిప్పండి. సిమెంటు రోడ్డు మీద ఈ పని చేయకండి. ఈ బండ్లలో ముందు, వెనక ఇరుసులు గట్టిగా ముడిపడి తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేర్వేరు దూరాలు తిరగాలి కాబట్టి, టైరు జారడానికి వీల్లేని నేల మీద ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. ఎప్పుడూ కొండెక్కని బండ్లలో ఫోర్ బై ఫోర్ రాడ్ ఏళ్ల తరబడి కదలక బిగుసుకుపోతుంది. మరీ అతిగా వాడిన బండిలో లో గేరు పడ్డట్టే పడి జారిపోతుంది. రెండింటికీ ఖర్చుంది, రెండోదానికి ఎక్కువ ఖర్చు. గట్టి ముందు ఇరుసున్న జిప్సీ, జిమ్నీ, పాత జీపుల్ని అరవై, ఎనభై వేగంలో చూడాలి. స్టీరింగ్ చేతుల్లో ఊగిపోతుంటే కింగ్‌పిన్ బేరింగులో, లింకులో అరిగాయి.

టైర్లు చూసేటప్పుడు పక్కనున్న నాలుగంకెల కోడ్ చదవండి. 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని అర్థం. ముందు ఒక సైజు, వెనక ఒక సైజు ఉన్న ఫోర్ బై ఫోర్‌ని వదిలేయండి. కంపెనీ ఇచ్చినవాటికన్నా పెద్ద టైర్లు వేస్తే మీటరు తక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది. మీటరు ఎవరూ తిప్పకుండానే నలభై అయిదు వేలు తిరిగిన బండి నలభై వేలు చూపించవచ్చు. సర్వీసు రికార్డుతో సరిపోల్చండి, ఛాసిస్ నంబరు చెబితే సర్వీస్ సెంటర్ వాళ్లు చాలాచోట్ల చూసి చెబుతారు.

వరద బండి గురించి విడిగా చెప్పాలి. 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు వేలాది వాహనాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. బీమా కంపెనీలు పూర్తి నష్టం కింద తీసుకున్న బండ్లు వేలంలో చేతులు మారి, శుభ్రమై, మళ్లీ రోడ్ల మీదికి వస్తాయి. ఆఫ్‌రోడ్ బండి కాబట్టి కింద మట్టి ఉండడం మామూలేనని అమ్మేవాళ్లు నవ్వుతూ చెబుతారు. కింద మట్టి మామూలే. సీటు బెల్టుని చివరిదాకా లాగితే లోపలి భాగంలో కనిపించే బురద చార మామూలు కాదు. డ్యాష్‌బోర్డు వెనక, ఫ్యూజ్ బాక్సులో, సీటు పట్టాల బోల్టుల్లో ఒండ్రు ఉంటే ఆ బండి మునిగింది. వైరింగ్ సమస్యలు ఏడాది తరవాత కూడా ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు. దాన్ని ఇంకొకరికి అంటగట్టే స్థితిలోకి మిమ్మల్ని మీరు నెట్టుకోవద్దు. రాత్రి పూట ఘాట్ రోడ్డులో ఆ బండి లైట్లు ఆరిపోతే లోపల ఉండేది ఎవరి పిల్లలో ఒక్కసారి తలుచుకోండి.

బండి నచ్చాక కాగితాలు చూద్దామనుకోవడం పొరపాటు. నచ్చాక మనసు కాగితాల్లోని లోపాలకు సర్దిచెప్పుకుంటుంది. ఇంటి నుంచి బయల్దేరకముందే నంబరు అడిగి ఎంపరివాహన్ యాప్‌లో ఎన్నో ఓనరు, ఫైనాన్స్ ఉందా, బీమా ఎప్పటిదాకా ఉంది, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉంది చూసుకోండి. చలాన్లు వేరుగా చూడండి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 వచ్చేదాకా పేరు మారదు. మిగిలిన అప్పు డబ్బు అమ్మేవాళ్ల చేతికి ఇవ్వకుండా నేరుగా లోన్ ఖాతాకి కట్టండి. “నేను కట్టేస్తాలే తమ్ముడూ, నువ్వు నాకు వేసెయ్” అన్నచోట చాలామంది మునిగారు. ఛాసిస్ నంబరును ఆర్‌సీతో అంకె అంకె సరిపోల్చాలి. సొంత వాడకపు బండికి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, తరవాత అయిదేళ్లకోసారి పరీక్ష చేయించి పొడిగించుకోవాలి. పన్నెండు, పదమూడేళ్ల బండి కొనేటప్పుడు ఆ ఖర్చు కొనేవాళ్ల కళ్ల ముందు ఉంటుంది కాబట్టి మీ లెక్కలోనూ ఉండాలి.

వేరే రాష్ట్రం బండి చౌకగా కనిపిస్తుంది. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద 2015లో హరిత ట్రిబ్యునల్ ఆంక్షలు పెట్టాక, 2018లో సుప్రీంకోర్టు వాటిని బలపరిచాక, ఆ వయసుకి దగ్గరపడిన డీజిల్ బండ్లు దక్షిణాదికి వరస కట్టాయి. ధర చూసి తొందరపడకండి. అక్కడి ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, కొత్త నంబరు వేయించాలి. అంత దూరం అక్కర్లేదు, కోదాడలో కొన్న బండిని సరిహద్దు దాటి జగ్గయ్యపేటలో అమ్మాలన్నా ఇదే తంతు. పాత రాష్ట్రంలో కట్టిన పన్నులో కొంత వెనక్కి అడగొచ్చు కానీ ఆ డబ్బు చేతికొచ్చేదాకా దాన్ని లాభంలో కలుపుకోకండి. కొత్తవాళ్లు తమ రాష్ట్రంలో కొని తమ రాష్ట్రంలోనే అమ్మడం మంచిది.

మార్పులు చేసిన బండి దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్వరూపం మారేలా మార్పులు చేయకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పాత జీపులో వేరే బండి ఇంజిన్ పెట్టి, ఆర్‌సీలో రాయించకుండా నడుపుతుంటారు. దాన్ని ముట్టుకోవద్దు. విప్పి తీసేయగలిగిన మార్పులతో మాత్రం మంచి అవకాశం ఉంది. ఓనరు రెండు లక్షలు పోసి టైర్లు, బంపర్లు, వించ్, లైట్లు వేయించి ఉంటాడు. ఆ రెండు లక్షలకీ బండి ధరలో పెద్దగా విలువ రాదని అతనికి అమ్మకానికి పెట్టాకే తెలుస్తుంది. “అన్నా, కంపెనీ టైర్లు, బంపర్లు ఇంట్లో ఉన్నాయా?” అని అడగండి. ఉంటే వాటితో సహా బేరం చేయండి. బండిని కంపెనీ రూపానికి తెచ్చి అమ్మండి, వించ్, అలాయ్‌లు, టైర్లు విడిగా అమ్మండి. బండి కొనే తండ్రికి మార్పులు లేని బండి కావాలి, ఆ సామాను కావలసిన కుర్రాడు వేరే ఉంటాడు. ఇద్దరికీ న్యాయమే జరుగుతుంది.

బేరంలో గొంతు పెంచాల్సిన పని లేదు. చూసినవన్నీ కాగితం మీద రాసుకుని, ఓనరు పక్కన కూర్చుని చదవండి. “అన్నా, మీ బండి బాగా చూసుకున్నారు, ఇంజిన్ చక్కగా ఉంది. టైర్లు నాలుగూ మార్చాలి. క్లచ్ పైకొచ్చింది. బీమా వచ్చే నెలతో అయిపోతుంది. ఈ ఖర్చు నాకు పోగా నేను ఇవ్వగలిగింది ఇది.” అంతవరకే చెప్పి ఊరుకోండి. బండిని తిట్టకండి, అది ఒకప్పుడు అతను ప్రేమించి కొన్నది. ముందే అనుకున్న ధర దాటి ఒక్క వెయ్యి కూడా ఎక్కకండి. ఆ ధరను ఇంట్లో ఉండగానే చిన్న కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. బండి ఎదురుగా ఉన్నప్పుడు వేసే లెక్కల్లో మోజు చొరబడుతుంది. రాసి పెట్టుకున్న అంకె దగ్గర ఆగడమే మీరు అలవరచుకోవలసిన శిక్షణ. పది బండ్లు చూసి తొమ్మిదింటిని వదిలేసి రావడం ఈ వ్యాపారంలో రోజువారీ పని, అందులో నష్టపోయిందేమీ లేదు.

లెక్క ఎలా ఉంటుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. బండి 9 లక్షల 40 వేలకు కొన్నారు, 10 లక్షల 60 వేలకు అమ్మారు. తేడా 1 లక్ష 20 వేలు కనిపిస్తుంది. బ్రోకరుకి 10 వేలు. టైర్లు కొన్ని, సర్వీసు, చిన్న టింకరింగ్ కలిపి 38 వేలు. తీసుకురావడం, కడిగించడం, ఫొటోలకు 6 వేలు. డబ్బు రూపాయిన్నర వడ్డీకి తెచ్చి ఉంటే నెలకు 14,100, రెండు నెలలకు 28,200. మిగిలింది 37,800. జీఎస్టీ నమోదు ఉన్న వ్యాపారైతే కొన్న ధరకీ అమ్మిన ధరకీ ఉన్న తేడా మీద 18 శాతం పన్ను ఉంది. 2024 డిసెంబరులో జైసల్మేరులో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశం తరవాత పాత బండ్లన్నిటికీ ఇదే రేటు. మీరు చేయించిన రిపేర్లను ఆ తేడాలోంచి తీసేయడానికి లేదు. పన్ను అమ్మకం ధరలోనే కలిసి ఉందనుకుంటే సుమారు 18,300 పోతుంది. చేతికి 19,500 వచ్చింది. మూడో నెల కూడా బండి ఇంటి ముందే ఉంటే 5,400. నాలుగో నెలలో జేబులోంచి పోతుంది. అదే బండిని మొదటి రోజు 30 వేలు తక్కువకి కొని, ఇరవై రోజుల్లో అమ్మగలిగితే కథ పూర్తిగా వేరు. అందుకే అప్పు తెచ్చిన డబ్బుతో మొదటి బండి కొనవద్దని గట్టిగా చెబుతున్నాను. వడ్డీ నెత్తిన ఉన్నవాళ్లు మంచి కొనుగోలుదారు కోసం ఆగలేరు.

రిపేర్లలో ఏది చేయించాలో ఏది వదలాలో తెలియాలి. బ్రేకులు, స్టీరింగ్, లైట్లు, ఆయిల్ కారడం, ఏసీ తప్పకుండా సరిచేయించండి. ఆయిల్స్ అన్నీ మార్చి బిల్లు దగ్గర పెట్టుకోండి. గీతలు పడ్డాయని బండి మొత్తానికి రంగు వేయించకండి. కంపెనీ రంగు మీద ముళ్లకంపలు గీసిన గీతలున్నా కొనేవాళ్లు ఒప్పుకుంటారు. కొత్త రంగు చూస్తే యాక్సిడెంట్ బండి కాబోలని అనుమానిస్తారు, ఆ అనుమానం తీర్చడం చాలా కష్టం.

అమ్మేటప్పుడు బండిని దాని సరైన మనిషి దగ్గరికి చేర్చడంలోనే నేర్పు ఉంది. నల్లరేగడి పొలాల్లో వానాకాలం తిరగాల్సిన రైతుకి పాత డీఐ థార్ చాలు. అది ఏ ఊళ్లోనైనా బాగుపడుతుంది. పాడేరు, అరకు వైపు కాఫీ తోటలున్నవాళ్లకు లో గేరు బాగా పనిచేయాలి, సీట్ల అందం వాళ్లు అడగరు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ నెలకోసారి అనంతగిరి వెళ్లే జంటకి పెట్రోలు ఆటోమేటిక్ నప్పుతుంది. ఎవరికి ఏది నప్పదో చెప్పేయండి. “మీ ఇంట్లో పెద్దవాళ్లున్నారంటున్నారు, ఈ బండి మీకు ఇబ్బంది” అని చెప్పి ఒక అమ్మకం పోగొట్టుకున్నా, ఆ మనిషి తన స్నేహితుల్ని మీ దగ్గరికే పంపుతాడు. లోపాలను ఫొటోలు తీసి ప్రకటనలోనే పెట్టండి. బండి అడుగు భాగం ఫొటోలు పెట్టే అమ్మకందారులు అరుదు. తెలిసినవాళ్లు ఆ ఫొటోలు చూసే ఫోన్ చేస్తారు. అలా వచ్చినవాళ్లు లోపాలు చూపించి ధర తగ్గించమని అడగరు, ఎందుకంటే వాటిని మీరే ముందు చెప్పారు.

డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి. ఒక లావాదేవీలో 2 లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు.

పేరు మార్పిడిని వాయిదా వేయడం ఈ రంగంలో అందరూ చేసే ప్రమాదకరమైన పని. కొన్న బండిని తమ పేరు మీదికి మార్చుకోకుండా, పాత ఓనరు సంతకం పెట్టిన ఫారం 29, 30లతో నేరుగా మూడో మనిషికి అమ్మేస్తుంటారు. మధ్యలో యాక్సిడెంట్ జరిగితే? నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదవండి. బండి చేతులు మారుతూ పోయినా, రిజిస్టర్‌లో ఎవరి పేరుందో పరిహారం బాధ్యత వాళ్లదేనని చెప్పింది. మీ మీద నమ్మకంతో సంతకాలు పెట్టి తాళాలిచ్చిన పాత ఓనరుని మీరు ఆ ప్రమాదంలోకి నెట్టకూడదు. ఒకే రాష్ట్రంలోనైతే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. బీమాను కూడా 14 రోజుల్లో కొత్త ఓనరు పేరు మీదికి మార్పించాలి. ఇదే వృత్తిగా చేయదలిస్తే 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం రవాణా శాఖ దగ్గర అధీకృత డీలరుగా నమోదు చేసుకోండి. అప్పుడు ఓనరు బండి మీకు అప్పగించినట్టు ఆన్‌లైన్‌లో తెలియజేస్తే, అమ్ముడుపోయేదాకా దాని బాధ్యత చట్టప్రకారం మీది అవుతుంది. ట్రయల్, రిపేరు వంటి పనులకు తప్ప సొంతానికి తిప్పుకోవడానికి వీల్లేదు. అమ్మకానికి తెచ్చిన థార్‌లో కుటుంబంతో మారేడుమిల్లి వెళ్లొచ్చే వ్యాపారులకు ఈ నిబంధన చాలా మేలు చేస్తుంది, ఎందుకంటే మోజు మళ్లీ పుట్టేది అలాంటి ప్రయాణాల్లోనే.

బండి అప్పగించే రోజున తేదీ, గంట, నిమిషంతో సహా డెలివరీ నోట్ రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. కొన్న మనిషి ఆధార్ నకలు, మీటరు రీడింగ్ ఫొటో దగ్గర పెట్టుకోండి. ఫాస్టాగ్ తీసేయండి, లేకపోతే వాళ్ల టోల్ మీ ఖాతాలో పడుతుంది. రెండు వారాల తరవాత యాప్‌లో నంబరు కొట్టి పేరు మారిందో లేదో చూసుకోండి. మారకపోతే ఆ రోజే ఫోన్ చేయండి, వెంట ఉండి పని జరిగేలా చూడండి. ఆ పేరు మారాకే తరవాతి బండి కోసం వెతకడం మొదలుపెట్టండి. మొదటి మూడు బండ్ల వరకూ ఒకేసారి రెండు కొనవద్దు.